డిస్కు విభజన: ఇన్‌స్టాలర్ చేయగలిగినదీ, చేయలేనిదీ

కంప్యూటర్‌లోకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే ప్రోగ్రామును ఇన్‌స్టాలర్ అంటారు. విండోస్ అయినా, లినక్స్ అయినా, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో భాష, కీబోర్డు, ఊరి సమయం, పాస్‌వర్డ్ వంటివన్నీ తరువాత తీరికగా మార్చుకోదగినవే; డిస్కు విభజన దగ్గర ఇచ్చిన జవాబు మాత్రం చాలా సందర్భాల్లో వెనక్కి తీసుకోవడానికి వీలుకానిది. అంత బరువైన నిర్ణయానికి ఆధారమైన పనిముట్టు తన శక్తి ఎంతవరకో, తాను ఏ పని చేయలేదో తెరమీద చెప్పకపోవడమే దానిలోని అసలైన లోపం. ఆ హద్దులు ఎక్కడినుంచి వచ్చాయో, వాటిలో ఏవి తప్పనిసరివో, ఏవి సవరించదగినవో పరిశీలించడం ఈ ప్రసంగ ఉద్దేశం.

హార్డ్ డిస్కు అయినా, ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఎస్‌ఎస్‌డీ అయినా, కంప్యూటర్ దృష్టిలో వరుస సంఖ్యలు వేసిన సెక్టార్ల సముదాయమే. ఒక్కో సెక్టార్‌లో సంప్రదాయంగా 512 బైట్ల సమాచారం పడుతుంది. ఫలానా సెక్టార్ నుంచి ఫలానా సెక్టార్ దాకా ఒక భాగమని నిర్ణయిస్తే అది పార్టిషన్; ఆ హద్దులన్నిటినీ రాసి ఉంచేది పార్టిషన్ పట్టిక; పార్టిషన్ లోపల ఏ ఫైలు ఎక్కడుందో లెక్క చూసుకునే ఏర్పాటు ఫైల్ సిస్టమ్. ఈ మూడింటికీ ఉన్న భేదం తెలిస్తే తక్కినదంతా సులభంగా బోధపడుతుంది. పార్టిషన్ పట్టిక గ్రామంలోని భూమి రికార్డు వంటిది: రికార్డులో హద్దు గీతను జరిపినంత మాత్రాన పొలంలోని పంట జరగదు, పంట ఎక్కడిదాకా ఉందో చూడకుండా గీత జరిపితే ఒకరి పంట మీద మరొకరి నాగలి నడుస్తుంది. గీత గీయడం ఇన్‌స్టాలర్‌కు బాగా వచ్చు. లోపల ఉన్నదాన్ని గుర్తుపట్టి చెడకుండా జరపడం వేరే విద్య, అది దానికి కొంతమేరకే వచ్చు.

అయితే దాని పరిస్థితిని కూడా గమనించవలసి ఉంటుంది. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ నుంచి మొదలై మెమరీలో నడిచే తాత్కాలిక వ్యవస్థ. ఎదుట ఉన్న యంత్రం ఎలాంటిదో, డిస్కులో అప్పటికే ఏమేమి ఉన్నాయో దానికి ముందుగా తెలియదు, తనలో చేర్చిన డ్రైవర్లు చూపించినంత వరకే అది చూడగలదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో వచ్చిన అనేక లాప్‌టాప్‌లలో డిస్కు వీఎండీ అనే నియంత్రణ ఏర్పాటు వెనుక ఉండడం వల్ల, విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిస్కుల జాబితా ఖాళీగా కనిపించడం, తగిన డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ‘లోడ్ డ్రైవర్’ మీట ద్వారా అందిస్తే తప్ప పని సాగకపోవడం దీనికి తెలిసిన ఉదాహరణ. ఆ ఖాళీ జాబితాను చూసిన మనిషికి డిస్కే పాడైందన్న భయం కలగడం సహజం. ‘డిస్కు లేదు’ అన్న మాటకూ, ‘డిస్కు ఉన్నదో లేదో ఈ ప్రోగ్రాముకు తెలియదు’ అన్న మాటకూ మధ్య ఎంతో దూరం ఉన్నది.

కొన్ని హద్దులు ఇన్‌స్టాలర్ రచయితలు పెట్టినవి కావు, వారసత్వంగా సంక్రమించినవి. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతోపాటు వచ్చిన డాస్ 2.0, హార్డ్ డిస్కును విభజించడానికి ఎఫ్‌డిస్క్ అనే పనిముట్టునూ, ఎంబీఆర్ అని పిలిచే పట్టిక పద్ధతినీ ప్రవేశపెట్టింది. ఆ పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో 446 బైట్లు యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాముకూ, చివరి 2 బైట్లు గుర్తు ముద్రకూ పోగా, పట్టికకు మిగిలినవి 64 బైట్లే. ఒక్కో నమోదుకు 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్లకు మించి అందులో పట్టవు. ఐదోది కావాలంటే నాలుగింటిలో ఒకదాన్ని ‘ఎక్స్‌టెండెడ్’ భాగంగా ప్రకటించి, దాని లోపల ‘లాజికల్’ భాగాలు చేసుకోవాలి. సెక్టార్ సంఖ్యకు 32 బిట్లే కేటాయించినందువల్ల సుమారు 2.2 టెరాబైట్లకు పైనున్న స్థలం ఆ పట్టికకు అందదు. తరువాత, యంత్రం మొదలయ్యే తీరును నిర్దేశించడానికి ఇంటెల్ రూపొందించిన ఈఎఫ్‌ఐ ప్రమాణంలో భాగంగా వచ్చిన జీపీటీ పట్టిక 64 బిట్ల సంఖ్యలను వాడుతూ, సాధారణంగా 128 పార్టిషన్లకు చోటిచ్చి, తన నకలును డిస్కు చివర భద్రపరుచుకుంటుంది. ఇంత మెరుగైన పద్ధతి చేతిలో ఉన్నా, యంత్రం ఈఎఫ్‌ఐకి ముందున్న పాత బయోస్ పద్ధతిలో మొదలై డిస్కు జీపీటీది అయితే, లేదా అందుకు విరుద్ధంగా జరిగితే, ఈ డిస్కుపై స్థాపన కుదరదని చెప్పి విండోస్ ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. డేటా పోకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే ఆదేశం 2017లో విండోస్ 10తో అందుబాటులోకి వచ్చినా, దాని అవసరం నిజంగా ఏర్పడే ఆ తెరమీద దాని ప్రస్తావన కనబడదు. దిక్కుతోచని వినియోగదారు పార్టిషన్లన్నీ తుడిచివేసి ముందుకు సాగుతాడు.

డిస్కు పరిమాణాన్నే పనిముట్టు తప్పుగా చూసిన కాలాలు కూడా ఉన్నాయి. విండోస్ 98 నాటి ఎఫ్‌డిస్క్ 64 గిగాబైట్లకు మించిన డిస్కు ఎదురైతే ఆ 64ను తీసివేయగా మిగిలినదాన్నే డిస్కు పరిమాణంగా చూపేది. మైక్రోసాఫ్ట్ సవరించిన ప్రతిని విడిగా ఇవ్వవలసి వచ్చింది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ మొదటి సీడీలోని ఇన్‌స్టాలర్, సెక్టార్ సంఖ్యకు 28 బిట్లే వాడే పాత విధానం కారణంగా, 137 గిగాబైట్లకు పైనున్న స్థలాన్ని గుర్తించలేకపోయేది. ఇలాంటి తప్పులు కంటికి కనిపించేవి కనుక ఎవరో ఒకరు పట్టుకునేవారు.

కంటికి కనిపించని హద్దు మరింత నష్టం చేసింది. పాత ఇన్‌స్టాలర్లు మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేవి. పళ్లెం తిరిగే డిస్కులో ఒక్కో వలయానికి 63 సెక్టార్లన్న పాతకాలపు లెక్క దీనికి కారణం. సుమారు 2010 నుంచి లోపల 4096 బైట్ల సెక్టార్లు ఉండి, బయటికి 512 బైట్లవిగా నటించే హార్డ్ డిస్కులు మార్కెట్‌కు వచ్చాయి. 63ను 512తో గుణిస్తే వచ్చే 32,256, 4096తో నిశ్శేషంగా భాగింపబడదు. దాంతో ఫైల్ సిస్టమ్ రాసే ప్రతి 4096 బైట్ల ముక్కా డిస్కులోని రెండు నిజమైన సెక్టార్లపై అడ్డంగా పడి, డిస్కు ఆ రెండింటినీ చదివి, సవరించి, తిరిగి రాయవలసి వచ్చేది. యంత్రం నెమ్మదిస్తుంది, పొరపాటు సందేశం మాత్రం ఎక్కడా రాదు. వినియోగదారు వైరస్‌నో, పాత ప్రాసెసర్‌నో అనుమానిస్తాడు. 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదటి పార్టిషన్‌ను 1 మెబీబైట్ దగ్గర, అంటే 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టే అలవాటును తెచ్చింది, లినక్స్ పనిముట్లు కూడా తరువాత దాన్నే అనుసరించాయి. అయినా ఎక్స్‌పీ కాలంలో చేసిన పార్టిషన్‌ను అలాగే ఉంచి, దానిమీద కొత్త వ్యవస్థను ఎక్కించినవారికి ఈ మేలు అందలేదు, ఎందుకంటే ఇన్‌స్టాలర్ ఉన్న హద్దును వాడుకుంటుందే తప్ప అది సరైన చోట ఉన్నదో లేదో విచారించదు.

అన్నిటికంటే కఠినమైనది ఉన్న పార్టిషన్‌ను కుదించడం. దానికి ఒక క్రమం ఉన్నది: ముందు ఫైల్ సిస్టమ్ చివరి భాగంలోని ఫైళ్లను లోపలికి జరిపి, ఫైల్ సిస్టమ్‌ను చిన్నది చేసి, ఆ తరువాతనే పట్టికలో హద్దు మార్చాలి. ఈ క్రమం తప్పితే ఫైళ్ల చివరి భాగం పార్టిషన్ బయట పడిపోతుంది. విండోస్ ఇన్‌స్టాలర్ తెరమీద కొత్త పార్టిషన్ చేయడానికీ, తొలగించడానికీ, ఫార్మాట్ చేయడానికీ, పెంచడానికీ మీటలున్నాయి గాని, కుదించడానికి లేదు. షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కి ఆదేశాల తెరను రప్పించి డిస్క్‌పార్ట్ అనే ఆదేశాన్ని నడిపితే ఆ పని సాధ్యమే. అయితే అది తెలిసినవారికే తెలిసిన దారి. లినక్స్ ఇన్‌స్టాలర్లు చాలావరకు కుదింపును చేయగలవు, కానీ అక్కడా హద్దు ఫైల్ సిస్టమ్‌ను బట్టి మారుతుంది. ఎక్స్‌టీ4ను వాడకంలో లేనప్పుడు కుదించవచ్చు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ను నడుస్తుండగానే కుదించవచ్చు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచడమే తప్ప వాడుకదారుకు పనికివచ్చేంతగా కుదించడం కుదరదు. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 ఎక్స్‌ఎఫ్‌ఎస్‌నే మొదటి ఎంపికగా స్వీకరించింది కనుక, దాని ఇన్‌స్టాలర్ సూచించిన ఏర్పాటును చదవకుండా ఒప్పుకున్నవారు, తెలియకుండానే, భవిష్యత్తులో కుదించే అవకాశాన్ని వదులుకున్నట్టయింది. తరువాత కుదించడం కుదరదన్న ఒక్క వాక్యాన్ని ఆ తెరమీద రాసి ఉంటే ఎంత మేలు జరిగేదో!

విండోస్ పక్కన లినక్స్‌ను పెట్టుకోవాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కులు ఇక్కడే ముడిపడి ఉన్నాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో కదల్చడానికి వీలులేని కొన్ని ఫైళ్లుంటాయి. డిస్కు సగం ఖాళీగా ఉన్నా, అవి నడుమ కూర్చున్నందువల్ల విండోస్ సొంత పనిముట్టు సైతం కొంతకు మించి కుదించదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం, యంత్రాన్ని ఆపినప్పుడు దాన్ని పూర్తిగా ఆపకుండా సగం నిద్రపుచ్చుతుంది. ఆ స్థితిలో ఉన్న ఫైల్ సిస్టమ్‌ను తాకడానికి లినక్స్ పనిముట్లు నిరాకరిస్తాయి, నిరాకరించడమే సరైన పని. బిట్‌లాకర్ అనే గుప్తీకరణ అమలులో ఉంటే లోపలి ఫైల్ సిస్టమ్ ఇన్‌స్టాలర్‌కు అసలే కనబడదు. విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్త యంత్రాల్లో ఈ గుప్తీకరణ మరింత విస్తృతంగా దానంతటదే అమలవుతున్నది కాబట్టి, తన డిస్కు గుప్తీకరణలో ఉన్నదన్న సంగతి యజమానికే తెలియని సందర్భాలు పెరుగుతున్నాయి. పార్టిషన్ మొదటి హద్దును కదల్చడం వీటన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు లోపలి సమాచారాన్నంతా ఒక చోటినుంచి మరో చోటికి నకలు చేయవలసి ఉంటుంది. గంటల తరబడి సాగే ఆ పని మధ్యలో కరెంటు పోతే డేటా సగం పాతచోట, సగం కొత్తచోట మిగిలిపోతుంది. అందుకే ఇన్‌స్టాలర్లు సాధారణంగా ఆ పనికి పూనుకోవు. ఇది నిందించదగిన పరిమితి కాదు, మెచ్చదగిన జాగ్రత్త.

నిందించదగినది వేరే ఉన్నది. వినియోగదారు చేతుల్లో పెట్టకుండా ఇన్‌స్టాలర్ తానే తీసుకునే నిర్ణయాలకు సంవత్సరాల తరువాత మూల్యం చెల్లించవలసి రావడం అది. విండోస్ తనంతట తాను డిస్కును అమర్చుకునేటప్పుడు, యంత్రాన్ని మొదలుపెట్టే ఫైళ్లకోసం సాధారణంగా 100 మెగాబైట్ల ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నూ, చెడినప్పుడు బాగుచేసుకునే సాధనాల కోసం ఒక చిన్న రికవరీ పార్టిషన్‌నూ చేస్తుంది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కేబీ5034441 అనే భద్రతా నవీకరణ, ఆ రికవరీ పార్టిషన్‌లో తగినంత చోటు లేని విండోస్ 10 యంత్రాల్లో ఎక్కకుండా పదేపదే విఫలమైంది. పరిష్కారంగా ఆ సంస్థ ప్రకటించిన పద్ధతిలో, వినియోగదారు ఆదేశాల తెర తెరిచి, రికవరీ సాధనాలను నిలిపివేసి, ప్రధాన పార్టిషన్‌ను 250 మెగాబైట్లు కుదించి, పాత రికవరీ పార్టిషన్‌ను తొలగించి, కొత్తదాన్ని చేతితో నిర్మించుకోవాలి. పైగా 2020కి ముందటి విండోస్ 10 ఇన్‌స్టాలర్లు రికవరీ పార్టిషన్‌ను డిస్కు మొదట్లో పెట్టేవి కనుక, పక్కన కుదించిన చోటు దానికి నేరుగా కలవదు. ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ, పిల్లల ఫోటోలు దాచుకోవడానికీ కంప్యూటర్ కొన్న మనిషికి, ఎన్నో ఏళ్ల కిందట ఒక ప్రోగ్రాము తన వంతుగా వేసిన లెక్క తప్పినందుకు, ఈ శిక్ష న్యాయం కాదు.

లినక్స్ లోకంలో స్థితి వేరు. అక్కడ శక్తికి కొరత లేదు, ఆ శక్తి అందే తీరులో ఉన్నది చిక్కంతా. అనేక డిస్కులను కలిపి ఒకే నిల్వగా చూపి, దానిలోంచి కావలసినంత కావలసినప్పుడు కేటాయించే ఎల్‌వీఎం, డేటాను తాళం వేసి ఉంచే ఎల్‌యూకేఎస్, ఒక డిస్కు పోయినా మరొకటి ఆదుకునే రెయిడ్ వంటి పొరలు పార్టిషన్‌కూ ఫైల్ సిస్టమ్‌కూ మధ్య చేరుతాయి. 2006 నుంచి ఉబుంటు అనే లినక్స్ పంపిణీ డెస్క్‌టాప్ రూపానికి ఉబిక్విటీ అనే ఇన్‌స్టాలర్ ఉండేది. డిస్కునంతా ఇచ్చేస్తే ఎల్‌వీఎం, ఎల్‌యూకేఎస్ పొరలను అదే కట్టేది, కానీ ఒక భాగం మాత్రమే ఇస్తానని చెప్పి చేతితో చేసుకునే తెరకు వెళ్లినవారికి ఎల్‌వీఎంను నిర్మించే మీట కనిపించేది కాదు. పక్కనే విండోస్ ఉంచుకుని, లినక్స్‌ను తాళం వేసి పెట్టుకోవాలన్న అతి సాధారణమైన కోరిక, అందువల్ల, నిపుణులకే పరిమితమైంది. అదే ఇన్‌స్టాలర్, బూట్‌లోడర్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామును, వినియోగదారు రెండో డిస్కును చూపించినా మొదటి డిస్కులోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే రాసే లోపంతో చాలా ఏళ్లు కొనసాగింది. బయటి డిస్కులో లినక్స్ పెట్టుకున్నామనుకున్నవారు, ఆ డిస్కు తీసిన తరువాత తమ విండోస్ యంత్రం సరిగా మొదలుకాకపోవడం చూసి గాని దాన్ని గ్రహించలేదు. 2023లో దాని స్థానంలో కొత్త ఇన్‌స్టాలర్ వచ్చింది.

మరో లినక్స్ పంపిణీ అయిన ఫెడోరా అనుభవం మరింత బోధప్రదమైనది. దాని ఇన్‌స్టాలర్ అయిన అనకొండను మళ్లీ మొదటినుంచి రాస్తున్నందువల్ల 2012 నవంబరులో రావలసిన ఫెడోరా 18, 2013 జనవరి వరకు ఆలస్యమైంది. కొత్త రూపంలో వినియోగదారును ‘ఏ పార్టిషన్ కావాలి’ అని కాక, ‘ఏ మౌంట్ పాయింట్ కావాలి’ అని, అంటే ఫైళ్ల చెట్టులో ఏ కొమ్మకు ఎంత చోటు కావాలని అడిగే పద్ధతి ఎంచుకున్నారు. పార్టిషన్లు, పొరలు ఎలా కట్టాలో ప్రోగ్రామే చూసుకుంటుంది. ఆలోచన గంభీరమైనదే. కానీ డిస్కులో అప్పటికే ఉన్నదాన్ని కాపాడుకోవాలనుకునేవారికి హద్దులే ముఖ్యం, ఆ హద్దులను తెర కప్పివేసింది. విమర్శలు చాలాకాలం ఆగలేదు. చివరికి 2017లో ఫెడోరా 26, హద్దులను ఉన్నవి ఉన్నట్టు చూపే బ్లివెట్ జీయూఐ అనే రెండో తెరను అదే ఇన్‌స్టాలర్‌లో చేర్చవలసి వచ్చింది. ఖాళీ డిస్కు ఉన్న మనిషి, నిండిన డిస్కు ఉన్న మనిషి ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలతో వస్తారు. ఒకే తెర ఇద్దరికీ సరిపోతుందనుకోవడం వల్లనే ఇన్‌స్టాలర్లు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఈ విషయంలో ఓపెన్‌సూసే అనే లినక్స్ పంపిణీ వారి యాస్ట్ పనిముట్టు రెండు దారులనూ మొదటినుంచీ వేరుగా ఉంచి, నిపుణులకు పూర్తి విభజన తెరను ఇచ్చినందుకు ప్రశంస పొందవలసి ఉంది.

మార్పు ఎప్పుడు నిజంగా డిస్కుపైకి ఎక్కుతుందన్న విషయంలో కూడా ఇన్‌స్టాలర్లకు ఏకవాక్యత లేదు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిలీట్ మీట నొక్కి ఔనంటే పార్టిషన్ ఆ క్షణమే పట్టికలోంచి పోతుంది. డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఇన్‌స్టాలర్‌లోని విభజన పనిముట్టు పార్ట్‌మ్యాన్ మార్పులను మెమరీలో దాచుకుని చివర ఒకసారి అనుమతి అడిగి రాస్తుంది, అది మంచి పద్ధతి. అయితే కుదింపు చేయబోయినా, ఎల్‌వీఎం అమర్చబోయినా, అంతవరకు చేసినవన్నీ ముందుగా డిస్కుపై రాయాలని, ఆ రాతకు తిరుగులేదని మధ్యలోనే చెబుతుంది. చివరిదాకా అంతా ముసాయిదాయేనని నమ్మిన మనిషికి ఆ మధ్య ప్రశ్న కూడా మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో, డిస్కును సీ, డీ అని రెండు డ్రైవ్‌లుగా చేయించుకుని, సీలో విండోస్‌నూ, డీలో పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లనూ ఉంచుకునే అలవాటు చాలాకాలంగా ఉన్నది. సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినా డీ భద్రంగా ఉంటుందన్న నమ్మకం దాని వెనుక ఉంది, ఆ నమ్మకం ఒక మేరకు నిజమే. కానీ సీ, డీ అన్న అక్షరాలు నడుస్తున్న విండోస్ పెట్టుకున్న పేర్లే తప్ప డిస్కుపై రాసినవి కావు. ఇన్‌స్టాలర్ తెరమీద అదే డీ డ్రైవ్ ‘డిస్క్ 0, పార్టిషన్ 4’ అనో, లినక్స్‌లో మరో సంకేతంతోనో దర్శనమిస్తుంది. పరిమాణాన్ని బట్టి గుర్తుపడదామంటే, కొలిచే యూనిట్ల తేడా వల్ల, 1000 గిగాబైట్లని అమ్మిన డిస్కు 931గా కనబడుతుంది. ‘డిస్కును తుడిచి స్థాపించు’ అన్న మొదటి ఎంపికలో ‘డిస్కు’ అంటే సీ మాత్రమేనని భావించినవారు డీని కూడా పోగొట్టుకుంటారు. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులో నడుపుకునే వీలు ఉండడం ఆనందదాయకం. స్వచ్ఛందంగా ఆ అనువాదం చేసినవారి శ్రమ చిన్నది కాదు. ఏ భాషలోనైనా ఆ తెర ఇంకొక్క పని చేయాలి: తుడిచివేయబోయే పార్టిషన్లలో ఎన్ని ఫైళ్లున్నాయో, వాటిలో కొన్నిటి పేర్లేమిటో చూపి, అప్పుడు అనుమతి అడగాలి. ఫైల్ సిస్టమ్‌ను చదవగల ఇన్‌స్టాలర్‌కు ఇది అసాధ్యం కాదు.

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఈ హద్దుల నుంచే పుట్టింది. వారు ముందుగా డేటాను వేరే డిస్కుకు నకలు చేస్తారు; విండోస్ భాగాన్ని విండోస్ లోపలి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించి, ఫాస్ట్ స్టార్టప్‌ను నిలిపివేసి, బిట్‌లాకర్ రికవరీ కీని కాగితంపై రాసుకుంటారు; లినక్స్ పార్టిషన్లను జీపార్టెడ్ వంటి ప్రత్యేక పనిముట్టుతో ముందే చేసుకుని, ఇన్‌స్టాలర్‌కు ‘ఇది దీనికి, అది దానికి’ అని చూపించే పని మాత్రం మిగుల్చుతారు. రెండు డిస్కులున్న యంత్రంలో వీలైతే డేటా డిస్కు తీగను ఊడదీసి ఉంచుతారు.

తిరిగే పళ్లేల హార్డ్ డిస్కుల కాలంలో పొరపాటున తుడిచిన పార్టిషన్‌ను, దానిపై కొత్తగా ఏమీ రాయనంతవరకు, టెస్ట్‌డిస్క్ వంటి ప్రోగ్రాముతో వెదికి పట్టికలో తిరిగి చేర్చడం తరచు సాధ్యమయ్యేది, ఎందుకంటే పోయింది హద్దు గీతే గాని లోపలి సమాచారం కాదు. ఎస్‌ఎస్‌డీలలో ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఫార్మాట్ చేసేటప్పుడు ఇన్‌స్టాలర్, ఈ చోటు ఇక ఖాళీయేనని ట్రిమ్ అనే ఆదేశంతో ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది. లినక్స్‌లో ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను నిర్మించే ఆదేశం ఎవరూ అడగకుండానే ఈ పని చేస్తుంది. ఆ మాట అందుకున్న ఎస్‌ఎస్‌డీ ఆ గడులను తన తీరికలో నిజంగానే చెరిపివేస్తుంది, తరువాత ఏ పనిముట్టుకూ అక్కడ చదవడానికి ఏమీ మిగలదు. ఫార్మాట్ ముందు వచ్చే హెచ్చరిక, పాత డిస్కుల కాలంలో రాసిన మాటలతోనే, ఇప్పటికీ చాలా ఇన్‌స్టాలర్లలో ఒకే ఒక వాక్యంగా ఉన్నది.